పెనుభూతం సంతకం

మా ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అనుమానం పెనుభూతం అంటారు కదా, అందులో అనుమానాన్ని వదిలేసి పెనుభూతాన్ని ఆమెకు తగిలించారు. నన్నెవరైనా అలా పిలిస్తే వాళ్ళ పని పట్టేదాన్ని. ఆమె మాత్రం ఆ మాటను తన కాఫీ కప్పు మీద అచ్చు వేయించుకుంది. ఫోనులో ఎవరైనా "పెనుభూతంగారు ఉన్నారా?" అని అడిగితే, "భూతమే మాట్లాడుతోంది, చెప్పండి" అనేది.

ఆమె ఉద్యోగం టెస్టింగు. ఆమె టెస్టు చేసేది ఒక భాషను. మనుషులు మాట్లాడుకునే భాష కాదు, యంత్రానికి పని చెప్పే భాష. దాని పేరు గుప్పెడు. అందులో ఉన్న మాటలు గుప్పెడే కాబట్టి ఆ పేరు. దాన్ని తయారుచేసినవాడు ఆమె మరిది, భర్తకు స్వయానా తమ్ముడు. మా చిన్న కంపెనీకి యజమానీ అతనే. అతన్ని పొదుపు అంటాం. కంప్యూటరు మెమరీలో రవ్వంత చోటు వృథా అయితే సొంత ఆస్తి పోయినంత బాధపడతాడు. వచ్చిన కవర్లను తిరగేసి అతికించి మళ్ళీ వాడతాడు. ఇక నేను మాన్యువల్ రాసేదాన్ని. యంత్రం కొన్నవాళ్ళకు అర్థమయ్యేలా అన్నీ మామూలు మాటల్లో చెప్పడం నా పని. నాకే అర్థం కానిదాన్ని ఊరికే పెద్ద మాటలతో నింపి రాయమంటే రాయను. అందుకని నాకు ముక్కుమీద కోపమని పేరొచ్చింది. వస్తే రానీ.

మేము చేసే యంత్రం ఆసుపత్రి మందుల గదిలో ఉంటుంది. డాక్టరు రాసిన మందుల చీటీ అందులోకి వెళితే, ఉదయానికీ మధ్యాహ్నానికీ రాత్రికీ వేరువేరుగా మాత్రలు పోసి, పొట్లాలు కట్టి ఇస్తుంది. ఏ చీటీకి ఏం చేయాలన్న నియమాలన్నీ గుప్పెడులో రాసి ఉంటాయి. వాటిలో అసలైనది ఒకటుంది. కొత్తగా వచ్చిన చీటీ, ఇప్పటికే కట్టేసిన చీటీతో సమానమైతే మళ్ళీ కట్టకూడదు. కడితే రోగి చేతికి రెండింతలు మందు వెళ్తుంది.

సమానం అంటే ఏమిటి అని మాన్యువల్ రాసేటప్పుడు నేను అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. ఒక డాక్టరు ఈ గదిలో, ఇంకో డాక్టరు ఆ గదిలో కూర్చుని ఒకే రోగికి అవే మందులు, అదే మోతాదులో, అదే పూటలకు రాశారనుకో. కాగితాలు రెండు, చీటీ మాత్రం ఒకటే. ఎవరు రాశారు, ఎక్కడ రాశారు అన్నది అనవసరం. చీటీలో పూటకో పెట్టె, పెట్టెలో మాత్రలు. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టుకుని పెట్టె వెనక పెట్టె తెరిచి, లోపల ఉన్నది ఉన్నట్టు పోల్చి చూడాలి. గుప్పెడు ఆ పని చేస్తుందా లేదా అన్నదే ఆమె టెస్టు చేయాల్సింది.

ఇక్కడికి రాకముందు ఆమె లిఫ్టుల కంపెనీలో ఉండేది. కొత్త భవనంలో లిఫ్టు బిగించాక, మనుషులను ఎక్కించకముందే దాన్ని బస్తాలతో నింపి, ఉన్నట్టుండి కిందికి వదిలి, బ్రేకు పట్టుకుంటుందో లేదో చూసే పని. వాళ్ళాయన పరిచయమైంది అక్కడే. ఆయన బ్రేకు బిగించాడు, ఈమె లిఫ్టును పడేసింది, బ్రేకు గట్టిగా పట్టింది. ఈమె పైనుంచి తొంగిచూసి "పర్లేదు" అందట. పెళ్ళయి ఇన్నాళ్ళయినా అంతకు మించి ఒక్క మెచ్చుకోలు తన చెవిన పడలేదని ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు.

ఆ అలవాటే ఆమె వెంట మా ఆఫీసుకూ వచ్చింది. కంప్యూటరులో టెస్టు నెగ్గితే పచ్చగా, ఓడితే ఎర్రగా కనిపిస్తుంది. పచ్చ చూసి అందరూ సంతోషిస్తారు. ఆమె సంతోషించదు. "ఒక్కసారైనా ఎర్రబడని టెస్టుని నేను నమ్మనక్కా. ఎప్పుడూ మొరగని కుక్క కాపలా కాస్తోందో నిద్రపోతోందో నాకెలా తెలుస్తుంది?" అనేది నాతో.

అందుకే ఆమె చెడగొట్టే శుక్రవారాన్ని కనిపెట్టింది. శుక్రవారం భోజనాలయ్యాక పొదుపు తన భాషకు ఒక నకలు తీసి, అందులో ఒకచోట కావాలని తప్పు పెడతాడు. ఎక్కడ పెట్టాడో చెప్పడు. ఆ నకలు మీద ఆమె తన టెస్టులన్నీ నడుపుతుంది. ఎక్కడో ఒకచోట ఎర్రబడితే ఆమె గెలిచినట్టు, వారమంతా ఆఫీసు కప్పులు పొదుపు కడగాలి. అంతా పచ్చగా ఉంటే ఆమె కడగాలి. కంపెనీ యజమాని కప్పులు తోముతుంటే చూడడం మాకందరికీ ఎంత అలవాటైపోయిందంటే, కొత్తగా చేరినవాళ్ళు అతన్ని కాఫీలిచ్చే మనిషి అనుకున్న సందర్భాలున్నాయి.

ఆసుపత్రిలో యంత్రం బిగించాక వచ్చిన శుక్రవారం అది. సోమవారం నుంచి నిజం రోగులకు పొట్లాలు కట్టాలి. భాష బాగుందని ధ్రువీకరించే కాగితం మీద పొద్దున్నే ఆమె సంతకం పెట్టి ఆసుపత్రికి పంపేసింది. మాకున్నది ఆ ఒక్క ఆసుపత్రే. అది కుదిరితే కంపెనీ నిలబడుతుంది, లేకపోతే తలో దారి చూసుకోవాలి. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా ఆట ఆటే కదా, భోజనాలయ్యాక పొదుపు తన నకలు తెచ్చి ఇచ్చాడు.

ఆమె టెస్టులు నడిపింది. పచ్చ. మళ్ళీ నడిపింది. పచ్చే.

"తప్పు పెట్టడం మర్చిపోయావా బాబూ?" అంది.

"మర్చిపోలేదు వదినా," అన్నాడు పొదుపు. అతని మొహంలో గెలిచిన ఆనందం ఒక్క క్షణమే ఉంది. ఆ తర్వాత అయోమయం వచ్చింది. "సమానమా కాదా అని పోల్చే పనే మొత్తం తీసేశాను. పెట్టెలు విప్పనే విప్పదు. రెండూ మెమరీలో ఒకే చోట ఉన్నాయా అని మాత్రం చూస్తుంది, అంతే. నువ్వు చిటికెలో పట్టేస్తావనుకున్నాను."

 నాకు విషయం అందడానికి కాస్త సమయం పట్టింది.  పెట్టెలు విప్పి చూడని భాషను కూడా ఆమె టెస్టులు బాగుందన్నాయంటే, ఇన్నాళ్ళూ ఆ టెస్టులు చూసిందేమిటి?

కారణం ఆమే కనిపెట్టింది, అదీ కుర్చీలోంచి లేవకుండానే. దానికి మూలం మరిదిగారి పిసినారితనం. ఒకే ప్రోగ్రాములో ఒకే చీటీని రెండుసార్లు రాస్తే, గుప్పెడు దాన్ని రెండుసార్లు దాచుకోదు. ఒక్కసారి దాచి, రెండు పేర్లకూ ఆ ఒక్కదాన్నే చూపిస్తుంది. చోటు మిగులుతుంది కదా! ఆమె టెస్టుల్లో ఎడమవైపొక చీటీ, కుడివైపు అచ్చం అలాంటిదే ఇంకోటి టైపు చేసింది. గుప్పెడు ఆ రెంటినీ ఒకటి చేసేసింది. ఒకే ఇంట్లోకి వీధి గుమ్మంలోంచి ఒకసారి, పెరటి గుమ్మంలోంచి ఒకసారి వెళ్ళొచ్చి, రెండిళ్ళూ భలే ఒకేలా ఉన్నాయని మెచ్చుకున్నట్టయింది మా పని.

ఇంకొకరైతే ఏడ్చేవారు, లేదా మరిది మీద విరుచుకుపడేవారు. ఆమె నవ్వింది. నవ్వి, లేచి వెళ్ళి నాలుగు కప్పులు కడిగి బోర్లించి వచ్చింది. ఓడిపోయాక కడగాలి కదా. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "పొద్దున పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను," అంది.

పొదుపు చటుక్కున లేచాడు. "అదేంటి వదినా! నేను చెడగొట్టింది నకలుని. ఆసుపత్రిలో ఉన్న అసలుదాంట్లో పెట్టెలు విప్పి చూసే పని పదిలంగా ఉంది."

"అది నీకు తెలుసు. నాకు తెలీదు. నా టెస్టులకి అసలే తెలీదు. సంతకం పెట్టింది నువ్వు కాదు, నేను."

నాకు ఆ మాట విన్నప్పుడు ఆమె మీద ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. భయమూ వేసింది. నా జీతమూ ఆ సంతకం మీదే ఆధారపడి ఉంది మరి.

శనివారం ఆఫీసుకు వచ్చి టెస్టులన్నీ తిరగరాసింది. ఈసారి ఒక నియమం పెట్టుకుంది. ఎడమవైపు చీటీ ఒక దారిలో, కుడివైపు చీటీ ఇంకో దారిలో తయారవ్వాలి. ఒకటి నేరుగా టైపు చేసింది. రెండోది ఒక్కో మాత్రా చేర్చుకుంటూ కట్టింది, లేదా వరస తలకిందులు చేసి మళ్ళీ సరిచేసింది. అప్పుడు గుప్పెడు వాటిని ఒకటి చేయలేదు, చచ్చినట్టు పెట్టెలు విప్పి చూడాల్సిందే. సాయంత్రానికి కొత్త టెస్టులన్నీ పచ్చబడ్డాయి. పొదుపు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా, నేను చెప్పలేదూ?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అతను.

ఆదివారం వాళ్ళింటికి నేనూ వెళ్ళాను. మాన్యువల్‌లో సమానం గురించిన పేజీ మళ్ళీ రాయాలని పిలిచింది. ఇల్లు మూడో అంతస్తులో. ఆ భవనంలో లిఫ్టు చిన్న చప్పుడు కూడా చేయదు, చేస్తే వాళ్ళాయన ఊరుకోడు. ఆయన వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాడు. పొదుపు బల్ల దగ్గర కంప్యూటరు తెరిచి కూర్చున్నాడు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది. బల్ల మీద ఆవిడ మందుల డబ్బా, పూటకో గది ఉన్న ప్లాస్టిక్ డబ్బా. పెనుభూతం దాంట్లో మాత్రలు సర్దుతోంది.

"మధ్యాహ్నం మాత్ర వెయ్యకమ్మాయ్, డాక్టరు ఆపేయమన్నాడు," అంది అత్తగారు.

పెనుభూతం అప్పటికే వేసేసింది. గదిలోంచి ఆ మాత్ర తీసేసింది. తీసి, మూత వేయకుండా ఆ ఖాళీ గదిని చూస్తూ ఉండిపోయింది.

"బాబూ, ఇలా జరుగు," అని మరిదిని లేపి, కంప్యూటరు తనవైపు తిప్పుకుంది. మధ్యాహ్నానికి ఏమీ లేని చీటీ ఒకటి టైపు చేసింది. ఇంకో చీటీలో మధ్యాహ్నానికి ఒక మాత్ర వేసి, మళ్ళీ తీసేసింది. రెండూ సమానమా అని గుప్పెడును అడిగింది.

కాదు అంది గుప్పెడు. తెర మీద ఎర్రగా.

పొదుపు కుర్చీ లాక్కుని ముందుకు వంగాడు. తన ప్రోగ్రాము తెరిచి కిందికీ పైకీ చదివాడు. చివరికి నుదురు కొట్టుకున్నాడు. మాత్రలున్న పెట్టెలను విప్పి పోల్చడం సరిగ్గానే రాశాడు. ఖాళీ పెట్టె ఎదురైతే మాత్రం, విప్పడానికి ఏముందిలే అని, రెండూ మెమరీలో ఒకే చోట ఉన్నాయా అని చూసి వదిలేశాడు. అతని లెక్కలో ప్రపంచం మొత్తానికీ ఖాళీ పెట్టె ఒక్కటే, అందరూ దాన్నే వాడుకుంటారు. ఉన్న మాత్ర తీసేస్తే ఇంకో ఖాళీ పెట్టె పుడుతుందన్న సంగతి అతనికి తట్టలేదు.

"ఏంట్రా గొడవ?" అంది అత్తగారు. చెప్పాము. ఆవిడ కుర్చీలోంచి మావైపు తిరిగి, "వాడు చేసిందే సరైంది. ఎప్పుడూ లేనిదీ, ఉండి పోయిందీ ఒకటెలా అవుతాయి? పసిపిల్లకి పళ్ళు లేవు, నాకూ లేవు. ఇద్దరం ఒకటేనా?" అంది.

వంటింట్లోంచి వాళ్ళాయన పకపకా నవ్వాడు. పెనుభూతం నవ్వలేదు, అత్తగారి ప్రశ్నకు నిజంగానే జవాబు వెతికింది. "మీరు వేరు, పసిపిల్ల వేరు అత్తయ్యా. కానీ వండిపెట్టేవాళ్ళకి ఇద్దరి నోరూ ఒకటే. ఇద్దరికీ మెత్తగానే పెట్టాలి. ఈ యంత్రం వండిపెట్టేదే. గదిలో ఏముందో చూడాలి గానీ, నిన్న ఏముండేదో దానికెందుకు?"

"అయినా యంత్రం కట్టిన మందు నేను మింగను," అంది అత్తగారు, వాదన వదలకుండా.

తప్పు దిద్దడానికి పొదుపుకు ఎంతోసేపు పట్టలేదు. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. రేపు పొద్దున్నే వెళ్ళి, ఎవరూ రాకముందే కొత్తది ఎక్కించేద్దాం, ఈ సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు అతను.

"ఎక్కించొద్దు. పాతదాన్ని అలాగే ఉంచు. ముందు ఆసుపత్రి మందుల గది చూసుకునే పెద్ద ఫార్మసిస్టుకి చూపిస్తాను."

"చూపిస్తే ఆవిడ మనల్ని బయటికి పంపుతుంది వదినా! ఈ ఆసుపత్రి పోతే కంపెనీకి తాళమే."

"పంపితే పంపనీ. బాగుందని రాసి సంతకం పెట్టిన కాగితం ఆవిడ దగ్గరుంది. అది అబద్ధమని తెలిశాక కూడా అక్కడ ఉండనిస్తే, రేపు నేను పెట్టే నిజం సంతకానికి విలువేముంటుంది?"

పొదుపు అన్న వైపు చూశాడు, తోడు వస్తాడని. అన్న తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, "నాకేసి చూడకురా. మీ వదిన నేను బిగించిన బ్రేకులే నమ్మని మనిషి," అన్నాడు. పొదుపు కంప్యూటరు మూసేశాడు.

సోమవారం ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. మందుల గది పొడుగ్గా ఉంటుంది, గోడ నిండా అరలు, చివర మా యంత్రం. పెద్ద ఫార్మసిస్టు జుట్టు బిగించి ముడేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని చూసే మనిషి. పెనుభూతం ఉపోద్ఘాతాలేమీ పెట్టుకోలేదు.

"మేడమ్, శుక్రవారం నేను సంతకం పెట్టిన కాగితం చెల్లదు. యంత్రంలో తప్పుంది. చూపిస్తాను."

"ఇప్పుడా చెప్పేది?" ఆవిడ గొంతుకు అరల్లోని సీసాలు కూడా సర్దుకుని నిలబడి ఉంటాయి. "పొద్దున్నే మందులిచ్చే కిటికీ ముందు జనం బారులు తీరి ఉన్నారు!"

"అందుకే ఇప్పుడు చెప్తున్నాను. వాళ్ళకి కట్టకముందే."

పొదుపు నేల చూపులు చూస్తున్నాడు. పెనుభూతం మధ్యాహ్నానికి ఏమీ లేని ఒక చీటీ ఎక్కించింది. యంత్రం పొట్లాలు కట్టి ఇచ్చింది. తర్వాత అదే చీటీలో మధ్యాహ్నానికి ఒక మాత్ర చేర్చి, వెంటనే తీసేసి, మళ్ళీ ఎక్కించింది. యంత్రం మళ్ళీ గరగరలాడి, అవే పొట్లాలు ఇంకోసారి ట్రేలోకి వదిలింది.

పెద్ద ఫార్మసిస్టు రెండు వరసలూ చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు పైకి జరుపుకుని రెంటినీ పోల్చింది. "డాక్టర్లు రోజంతా చేసే పనే ఇది," అంది నెమ్మదిగా. "రాస్తారు, వద్దనుకుని కొట్టేస్తారు." పొట్లాలు ట్రేలో పడేసి, "బాగు చేయగలరా?" అని అడిగింది.

"చేసేశాం. కానీ నా మాట మీద నమ్మొద్దు. కొత్తది ఎక్కిస్తాం, మీరే చెడగొట్టి చూడండి. మీ చేత కాదని మీరు చెప్పేదాకా నేను సంతకం పెట్టను."

ఆవిడ కిటికీలోని మనిషికి పాత పద్ధతిలోనే చేత్తో కట్టి ఇమ్మని చెప్పింది. ఇక ఆ వారమంతా ఆవిడ మా యంత్రాన్ని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మాత్రలు చేర్చేది, తీసేసేది, పూటలు తారుమారు చేసేది, ఉన్నవన్నీ కొట్టేసి మళ్ళీ మొదటినుంచీ రాసేది. ఒక మాత్రను రెండు సగాలుగా రాసి, ఇప్పుడేమంటావ్ అన్నట్టు యంత్రం వైపు చూసేది. గుప్పెడు తొణకలేదు. పెనుభూతం పక్కనే స్టూలు మీద కూర్చుని, ఆవిడకు తట్టని వంకరలు ఆవిడకే అందించేది. పొదుపు ఇద్దరికీ కాఫీలు మోశాడు. ఆఫీసులో అలవాటైన పనే కాబట్టి ఒక్క చుక్కా ఒలకలేదు.

చివరికి పెద్ద ఫార్మసిస్టు ట్రే పక్కకు నెట్టి, "నావల్ల కాదు," అంది. పాత కాగితం చించేసి, కొత్తది బల్ల మీద పెట్టింది. పెనుభూతం దాన్ని మొదటి అక్షరం నుంచి చదివి, సంతకం పెట్టింది.

"ఇంక నిజం పొట్లాలు మొదలెడదాం. ముందు ఎవరివి?" అంది ఆవిడ.

"ఈ చీటీ కట్టండి," అని పెనుభూతం సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. బయట బెంచీ మీద వాళ్ళ అత్తగారు కూర్చుని ఉంది. పొద్దున్నే ఎందుకు లాక్కొచ్చారో చెప్పలేదని మా అందరి మీదా కారాలు మిరియాలు నూరుతోంది. పెనుభూతం వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. యంత్రం గరగరలాడింది. పొట్లాలు ట్రేలో పడ్డాయి. మధ్యాహ్నానికి పొట్లం లేదు.

అత్తగారు వాటిని చూసింది, కోడలిని చూసింది. "పరీక్ష చెయ్యడానికి నీకు నేనే దొరికానా?"

"పరీక్షలు అయిపోయాయి అత్తయ్యా. అవ్వకముందైతే ఈ పొట్లాలను మీ దగ్గరికి రానిచ్చేదాన్నా?"

 అత్తగారు ఉదయం పొట్లం తనే చింపి, మాత్రలు అరచేతిలో పోసుకుంది.

"అయితే నీళ్ళివ్వు," అంది.